పానా పట్టే చేతికి పెట్టుబడి ఎంత?
మోటారు మెకానిక్ శిక్షణ: ఖర్చు, ఫలం

(అలంపూర్‌లో ఇచ్చిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఏర్పాటు చేసిన నిధిని ఎవరి జ్ఞాపకార్థం పెట్టారో ఆయన పేరు కరపత్రంలో వేయలేదు. కుటుంబం వద్దంది. అలంపూర్ చౌరస్తాలో మేస్త్రిగారు అంటే చాలు కాబట్టి నేనూ అంతే అంటాను. ఆయన ఏ ఐటీఐలోనూ చదవలేదు. లారీ కింద పడుకునే పని నేర్చారు. అయినా పదో తరగతి పాసై తన దగ్గర చేరతానని వచ్చిన పిల్లవాణ్ణి మాత్రం, "ముందు ఐటీఐ చేసి రా బిడ్డా, పానా యాడికీ పోదు" అని పంపేవారు. తనకు అన్నం పెట్టిన దారిలోకి ఇంకొకరిని రానివ్వకుండా ఆయన ఎందుకు మళ్లించారు? ఆ మళ్లింపు పిల్లవాడికి లాభమేనా? ఈ రెండు ప్రశ్నల మీదే మాట్లాడతాను.

నా ఉద్యోగమంతా ఐటీఐ వర్క్‌షాపుల్లోనే గడిచింది. అడ్మిషన్ల రోజుల్లో తండ్రులు ఎక్కువగా ఫీజు అడుగుతారు. తల్లులు వేరే అడుగుతారు. ఒకామె అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "ఫీజు లేదంటున్నరు, మంచిదే సార్. రెండేండ్లు వీడు కూలికి పోడు గదా, ఆ పైసలెవరిస్తరు?" అడ్మిషన్ ఫారంలో ఈ ప్రశ్నకు గడి లేదు. ఖర్చు లెక్క మొదలవ్వాల్సింది మాత్రం ఇక్కడే.

ఉన్న దారులు

మన ప్రాంతంలో మెకానిక్ అవడానికి నాలుగు దారులున్నాయి.

మొదటిది షెడ్డు. రూపాయి ఖర్చుండదు. టీలు తేవడం, పానాలు అందించడం, డీజిల్‌తో పార్టులు కడగడం, టైరు విప్పడం, ఇలా మొదలై ఏళ్ల తరబడి సాగుతుంది. రెండోది నెల రోజుల శిక్షణ. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో బైకు రిపేరు నేర్పుతారు, తిండి, వసతి ఉచితం. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన సంస్థ వీటికి నమూనా. భూదాన్ పోచంపల్లిలోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ కూడా ఇలాంటి ఉచిత కోర్సులు నడుపుతుంది. మూడోది ఐటీఐ. 1950లో కేంద్రం మొదలుపెట్టిన వృత్తి శిక్షణ పథకం ఇది. పది పాసైనవాడికి డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మోటారు వెహికల్ మెకానిక్ రెండేళ్లు. నాలుగోది మూడేళ్ల డిప్లొమా. సంస్థానాధీశుల ప్యాలెస్‌లో 1959 నుంచి నడుస్తున్న వనపర్తి పాలిటెక్నిక్ వల్ల పాలమూరు జనానికి పాలిటెక్నిక్ చదువు కొత్త కాదు.

ఈ నాలుగింటిలో నేను లెక్క కట్టబోయేది మూడోదాన్ని, రెండేళ్ల మోటారు వెహికల్ మెకానిక్ కోర్సును. మన ఊళ్ల పిల్లలు ఎక్కువమంది తూకం వేసుకునేది దాన్నీ షెడ్డునూ పక్కపక్కన పెట్టుకునే.

కాగితం మీద లెక్క

ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం. దాన్ని లెక్కలోంచి తీసేద్దాం.

2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. సీడ్ పత్తి పూలకు చేత్తో క్రాసింగ్ చేసే రోజుల్లో గద్వాల పొలాల్లో ఇంతకంటే ఎక్కువే దొరకొచ్చు, పనుల్లేని నెలల్లో ఏమీ దొరకకపోవచ్చు. సగటున నెలకు ఇరవై రోజుల పని అనుకుందాం. అంటే నెలకు 6,140 రూపాయలు. రెండేళ్లకు 1,47,360. ఆ తల్లి అడిగిన పైసలు ఇవే.

ఊరి నుంచి బస్సు, మధ్యాహ్నం టిఫిను, బట్టలు, రికార్డులు అన్నీ కలిపి నెలకు 1,200 వేసుకుందాం. సెలవులు పోను ఏడాదికి పది నెలల చొప్పున రెండేళ్లకు 24,000. చివర్లో సొంత పానాల పెట్టెకు 15,000. ఇవి నేను అనుకున్న అంకెలు. ఎవరింటి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. నా లెక్కలో మొత్తం 1,86,360 రూపాయలు. ఉచిత చదువు అని మనం పిలిచేదానికి ఒక కూలి కుటుంబం పెడుతున్న పెట్టుబడి ఇది. ఇందులో రూపాయికి దాదాపు ఎనభై పైసల వంతు ఎవరి జేబులోంచీ పోయినట్టు కనబడదు. రాకుండా పోయిన డబ్బు అది. కనబడదు గనకే పథకాలు రాసేవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు రాబడి చూద్దాం. పాసయ్యాక ఏడాది అప్రెంటిస్. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి నెలకు కనీస స్టైపెండ్ 7,000. కూలి కంటే నెలకు 860 ఎక్కువ, ఏడాదికి 10,320. తర్వాత రెండేళ్లు ఏదో సర్వీస్ సెంటర్లో నెలకు 12,000 అనుకుందాం. కూలి మీద అదనంగా నెలకు 5,860, రెండేళ్లకు 1,40,640. అప్పటికి తిరిగొచ్చింది 1,50,960. ఇంకా 35,400 బాకీ. ఆ తర్వాత చేతికి పని వచ్చి 18,000 అందుకుంటే మరో మూడు నెలల్లో పెట్టుబడి తీరిపోతుంది. కోర్సులో చేరిన రోజు నుంచి లెక్కిస్తే ఐదేళ్ల మూడు నెలలు. పదహారేళ్లకు చేరినవాడు ఇరవై ఒకటి దాటాక లాభంలోకి వస్తాడు. కూలీ, జీతం రెండూ పెరుగుతాయి గనక రెండింటినీ అక్కడే ఆపి వేసిన లెక్క ఇది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 12,000 బదులు 10,000 జీతమే దొరికిందనుకోండి. పెట్టుబడి తీరే రోజు నాలుగు నెలలే వెనక్కి పోతుంది. అదే పిల్లవాడు, అప్రెంటిస్ అయ్యాక "ఈ ఏడు వేలకు ఎవడు చేస్తడు" అని పానా వదిలేసి హైదరాబాద్‌లో డెలివరీ బండెక్కాడనుకోండి. అక్కడికక్కడే 1,76,040 రూపాయలు మునిగినట్టు. జీతం తక్కువని అందరం బాధపడతాం, పడాల్సిందే. కానీ ఈ చదువు మీద పెట్టిన డబ్బు ఎక్కువగా మునిగేది మూడో ఏడు, నాలుగో ఏడు మధ్యలో పిల్లవాడు మానేసినప్పుడు. నేను ఇవాళ చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క వాక్యం చుట్టూనే ఉంది.

ఫలం ఎక్కడ పుడుతుంది

ఐదో ఏడు దాటాక జీతం ఎందుకు పెరుగుతుంది? పానా తిప్పడం అప్పటికి ఎప్పుడో వచ్చేసి ఉంటుంది. పెరిగేది జబ్బు కనిపెట్టే నేర్పు.

ఒక టాటా ఏస్ షెడ్డుకొచ్చింది అనుకోండి. తాళం తిప్పితే సెల్ఫ్ మూలుగుతుంది, ఇంజన్ తిరగదు. అంతకుముందే ఒకచోట బ్యాటరీ మార్పించారు, ఇంకోచోట సెల్ఫ్ మోటారు మార్పించారు. కూరగాయలు వేసుకెళ్లే మనిషికి రెండు చోట్లా బిల్లు పడింది, బండి మాత్రం అలాగే ఉంది. నేర్చినవాడు ఏమీ విప్పడు. మల్టీమీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మొన మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద పెట్టి, "ఒకసారి సెల్ఫ్ కొట్టన్నా" అంటాడు. ఆ రెండు చోట్ల మధ్య అర వోల్టు లోపే చూపించాలి. మీటరు రెండు వోల్టులు చూపించింది. అంటే కరెంటు తిరిగొచ్చే దారిలో అడ్డముంది. ఛాసిస్ కింద ఎర్త్ వైరు బోల్టు తుప్పు పట్టి ఉంటుంది. విప్పి, గరుకు కాగితంతో రుద్ది, బిగిస్తే బండి ఒక్క తిప్పుకి స్టార్ట్. పార్టు ఖర్చు సున్నా. లేబరు ఎంత అడగాలన్నది ఆ మెకానిక్ ఇష్టం, ఎంత ఇచ్చినా బండి యజమానికి లాభమే.

ఈ నేర్పు షెడ్డులో రాదా? వస్తుంది. పాత బండ్ల మీద బాగానే వచ్చింది. చెవి పెట్టి టాపెట్ చప్పుడు పసిగట్టే, పొగ రంగు చూసి పంపు పనో బోరు పనో చెప్పే మేస్త్రీలు ఈ సభలోనే ఉన్నారు. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద మన చౌరస్తా దాటి కర్నూలు వైపు వెళ్లే కొత్త లారీలను చూడండి. డీజిల్ ట్యాంకు కాకుండా నీలం మూత ఉన్న ఇంకో ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది 32.5 శాతం యూరియా ఉన్న ద్రవం, సైలెన్సర్లో విషవాయువులను విరగ్గొట్టడానికి. అది అయిపోయినా, అందులో నీళ్లు కలిసినా, సెన్సర్ పాడైనా కంప్యూటర్ ఇంజన్ బలం తగ్గించేస్తుంది. "పికప్ లేదు మేస్త్రీ" అని డ్రైవర్ వస్తాడు. అక్కడ ఫిల్టర్లు మార్చినా, పంపు దింపినా పని జరగదు. స్కానర్ పెట్టాలి, అది చూపించే కోడ్ ఏ భాగాన్ని అనుమానిస్తోందో చదవాలి, ఆ అనుమానం నిజమో కాదో మీటరుతో తేల్చుకోవాలి. కోడ్ చూపించిందల్లా మార్చేవాడు మెకానిక్ కాడు, పార్టుల బేరగాడు.

మేస్త్రిగారు పిల్లలను ఐటీఐకి మళ్లించింది ఇందుకే అనుకుంటాను. తన చెవికి వినబడని జబ్బులు బండ్లలోకి వచ్చేశాయని ఆయనకు మనకంటే ముందు తెలుసు.

ఐటీఐలో నేర్పేదానిలో పిల్లలకు అతి విసుగ్గా ఉండేది వరుస పాటించడం. శ్రీశైలం నీటి ముంపు నుంచి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని కాపాడటానికి ఏ రాయి ఎక్కడిదో గుర్తు పెట్టుకుంటూ విప్పి, అలంపూర్‌లో అదే వరుసలో పేర్చి కట్టారు. ఇంజన్ విప్పడమూ అంతే. క్రాంక్ షాఫ్టు బేరింగు క్యాపుల మీద అంకెలుంటాయి. ఒకటోది ఒకటో చోటికే, అదే ముఖం ముందుకు ఉండేలా పోవాలి. టార్క్ రెంచితో చెప్పిన బిగువుకే బిగించాలి. చేతి అంచనాతో బిగించిన ఇంజను నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది.

సర్టిఫికెట్‌కూ విలువుంది, కానీ అది తలుపుల దగ్గర. ఆర్టీసీలో 743 శ్రామిక్ పోస్టులకు 2025లో ప్రకటన వచ్చింది. 16,550 నుంచి 45,030 రూపాయల స్కేలు, ఐటీఐ ఉంటేనే అర్హత. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పరీక్షకు డీజిల్, మోటారు వెహికల్ ట్రేడులు పనికొస్తాయి. ఎంత పనిమంతుడైనా కాగితం లేని షెడ్డు కుర్రవాడు ఆ గేటు దగ్గరే ఆగిపోతాడు. 1932లో నిజాం రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలైన నాటి నుంచి ఈ నేల మీద మెకానిక్‌కు నెలజీతం, పెన్షన్ లాంటి భద్రత ఇచ్చింది ఎక్కువగా ప్రభుత్వ గ్యారేజీలే. అయితే ఆ పోస్టులు ఎప్పుడో ఒకసారి పడతాయి, లక్షల మంది పోటీకి వస్తారు. వాటిని ఆశగా పెట్టుకోవచ్చు, లెక్కలో రాబడి కింద రాసుకోకూడదు.

భారం ఎవరి నెత్తిన?

జర్మనీలో మోటారు మెకానిక్ శిక్షణ మూడున్నరేళ్లు. వారంలో కొన్ని రోజులు బడి, మిగతా రోజులు వర్క్‌షాపు. మొదటి నెల నుంచే వర్క్‌షాపు యజమాని భత్యం ఇస్తాడు. అంటే నేర్చుకునే కాలం ఖర్చును యజమాని పంచుకుంటాడు. అమెరికాలో దీనికి తలకిందులు. ప్రైవేటు ట్రేడ్ స్కూలుకు అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లున్నారు, ఉద్యోగంలో చేరాక పనిముట్లు కూడా చాలా చోట్ల మెకానిక్ సొంతంగా కొనుక్కోవాలి. ఖర్చంతా నేర్చుకునేవాడిదే.

మనది ఎటూ కాని మధ్య దారి. 1961 అప్రెంటిస్ చట్టం జర్మనీ వైపు చూస్తుంది. 2016లో వచ్చిన జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. కానీ చట్టం ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట్లే అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి కంటే తక్కువ ఉన్న చోటు ఆ చట్టం పరిధిలోకే రాదు. మన చౌరస్తా షెడ్డులో ఉండేది మేస్త్రి, ఇద్దరు కుర్రాళ్లు. కాబట్టి ఐటీఐ పాసైన అలంపూర్ పిల్లవాడు ఆ ఏడాది అప్రెంటిస్ కోసం కర్నూలో హైదరాబాదో పోవాలి. ఏడు వేలలోంచి అక్కడ గది అద్దె, తిండి పోతే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలోని కర్నూలులో దొరికితే అదృష్టం, రోజూ వచ్చిపోవచ్చు. హైదరాబాదు అయితే మానేసే ఘడియ దగ్గర పడినట్టే.

చేతివృత్తులకు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మలో 15,000 రూపాయల పనిముట్ల సాయముంది, ఐదు శాతం వడ్డీకి అప్పుంది. అందులో 18 వృత్తులున్నాయి. కమ్మరి ఉన్నాడు, తాళాలు చేసేవాడు ఉన్నాడు, పడవ కట్టేవాడు ఉన్నాడు. మోటారు మెకానిక్ లేడు. షెడ్డు పెట్టుకోవాలంటే ముద్ర రుణం ఉంది గానీ, అది ఇప్పటికే పని వచ్చినవాడికి. నేర్చుకుంటున్నవాడికి ఈ రెండింటిలో ఏదీ చేయి అందించదు.

షెడ్డు దారి గురించి కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మన పెద్ద మేస్త్రీల్లో చాలామంది పదేళ్లకో పన్నెండేళ్లకో చేరినవాళ్లు. ఇవాళ అది నేరం. మోటారు గ్యారేజీల్లో పిల్లలను పెట్టుకోవడాన్ని 1986 బాలకార్మిక చట్టం కిందే నిషేధించారు. 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ణి ఏ పనిలోనూ పెట్టుకోకూడదు, సొంత ఇంటి పనికి మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు. మేస్త్రీలు దీన్ని పోలీసు బెదిరింపుగా చూడొద్దు. పది పాసై, ఐటీఐ చేసి, పద్దెనిమిదేళ్లకు మీ దగ్గరకొచ్చే కుర్రవాడికి వైరింగ్ డయాగ్రం చదవడం వచ్చి ఉంటుంది. మీ చేతి వాసి అతనికి కావాలి, అతని చదువు మీ షెడ్డుకు కావాలి.

కరెంటు బండి వస్తే?

"అంతా కరెంటు బండ్లే వస్తయంట, ఇది నేర్చి ఏం లాభం?" అని ఈ మధ్య ప్రతి ఊళ్లోనూ అడుగుతున్నారు. ఇంజన్ పోతే పిస్టన్, ఇంజెక్టర్, క్లచ్ పని పోతుంది. బ్రేకులు, సస్పెన్షన్, చక్రాల బేరింగులు, స్టీరింగ్, ఏసీ, వైరింగ్ ఎక్కడికీ పోవు. కొత్తగా వచ్చేది వందల వోల్టుల భయం. నారింజ రంగు కేబుల్ కనబడితే చేయి పెట్టకూడదని, ముందు రబ్బరు గ్లవ్స్ వేసుకుని, సర్వీస్ ప్లగ్ తీసి, వోల్టేజి లేదని మీటరుతో చూశాకే ముట్టుకోవాలని నేర్పాలి. ఆ పని చూసి నేర్చుకునేది కాదు. ఒక్క పొరపాటుకు ప్రాణం పోతుంది.

టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మన రాష్ట్రంలో మొదలైంది. వాటిలో ఎలక్ట్రిక్ వెహికల్ మెకానిక్ కోర్సు కూడా ఉంది. నా సలహా ఒక్కటే: పాత ట్రేడైనా కొత్త ట్రేడైనా, పిల్లవాడికి కరెంటు భాగం గట్టిగా రావాలి. అది వచ్చినవాడికి ఏ బండి వచ్చినా భయం లేదు.

తల్లిదండ్రులకు, నిధి పెద్దలకు

తల్లిదండ్రులారా, ఏ ఐటీఐలోనైనా చేర్పించే ముందు మూడు విషయాలు చూడండి. వర్క్‌షాపులోకి వెళ్లండి. బీఎస్-6 ఇంజన్ ఉందా, ఒక స్కానర్ ఉందా, లేక రంగు వేసి గాజు బీరువాలో పెట్టిన పాత ఇంజనేనా? ఇన్‌స్ట్రక్టర్ పోస్టు భర్తీ అయిందా? పోయిన ఏడాది పిల్లలు ఎక్కడ అప్రెంటిస్ చేస్తున్నారో పేరుపేరునా చెప్పగలుగుతున్నారా? మూడింటికీ సరైన జవాబు రాకపోతే ఇంకోచోట చూడండి. ఆడపిల్లలున్నవాళ్లు ఈ ట్రేడు మాకు కాదని కొట్టిపారేయకండి. మీటరు పట్టుకుని జబ్బు కనిపెట్టే పనికి కండబలం ఎక్కువ అక్కర్లేదు. వాళ్లకు కావలసిన మరుగుదొడ్డి, తాళం వేసుకునే గది ఉన్నాయో లేదో మాత్రం తప్పక అడగండి.

ఈ నిధిని నడిపే పెద్దలకు నాదొక విన్నపం. దయచేసి ఒక్క రూపాయి కూడా ఫీజుల కింద ఇవ్వకండి. అక్కడ ఇప్పటికే ఖర్చు తక్కువ. సన్మానాలకు, శాలువాలకు అంతకంటే వద్దు. డబ్బును మూడో ఏడు మీద పెట్టండి. పాసైన ప్రతి పిల్లవాడికి 15,000 విలువైన పానాల పెట్టె, అందులో మంచి మల్టీమీటరు. అప్రెంటిస్ ఏడాది పొడుగునా నెలకు 3,000 చేయూత. ఒక్కొక్కరికి మొత్తం 51,000 రూపాయలు. పానాల పెట్టె మొదటి ఏడాది నిధి పేరు మీదే ఉండాలి, ఏడాది పనిలో నిలబడితే అతనిది. మధ్యలో మానేస్తే పెట్టె తిరిగొచ్చి ఇంకొకరికి పోతుంది. ఇంకా మిగిలితే చౌరస్తాలోని షెడ్లన్నీ వాడుకునేలా ఒక మంచి స్కానర్ కొనండి. రోజు అద్దె పెట్టి, ఆ అద్దెతోనే దాన్ని ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయించుకోవచ్చు.

ఈ లెక్క ప్రకారం 51,000 పెడితే లక్షా డెబ్బై ఆరు వేలు మునగకుండా ఆగొచ్చు. ఆగుతుందో లేదో తెలియాలంటే చూడాలి. కాబట్టి వచ్చే ఏడాది ఇక్కడికి ఎవరిని పిలిచినా, ఉపన్యాసానికి ముందు నిధి జమాఖర్చు చదవండి: ఎంతమందికి ఇచ్చాం, ఎంత ఇచ్చాం, వాళ్లలో ఎందరు ఇంకా ఈ పనిలోనే ఉన్నారు. సగానికి మించి నిలబడకపోతే నా సూచన పనికిరాలేదని తేలుతుంది, అప్పుడు పద్ధతి మార్చండి. నిలబడితే పక్క మండలాల వాళ్లను పిలిచి ఆ పుస్తకం చూపించండి.